కులూ లోయలో ఇనుపపొయ్యి

హిమాచల ప్రదేశమున వ్యాసనదికి ఎడమగట్టున, కులూ పట్టణమునకు ఉత్తరముగా ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున, నగ్గరు అను గ్రామము కలదు. సముద్రమట్టమునకు సుమారు 1,750 మీటర్ల యెత్తున నున్న యీ గ్రామము పూర్వము కులూ రాజులకు రాజధాని. వారి కోట నేటికిని కొండకొమ్మున నిలిచియున్నది. 1905వ సంవత్సరము ఏప్రిలు నెలలో కాంగడా ప్రాంతమును నేలమట్టము చేసిన భూకంపమునకు ఈ కోట చెక్కుచెదరలేదని చెప్పుదురు. రష్యా దేశపు చిత్రకారుడు నికొలాసు రోరికు 1928లో ఇచ్చటికి వచ్చి స్థిరపడి, 1947లో ఇచ్చటనే దేహము చాలించెను. ఆయన కోడలు చలనచిత్ర నటి దేవికారాణి. 1908లో జన్మించినది మన వాల్తేరునందే. యాత్రికులు కోటను, చిత్రకారుని యింటిని చూచి, ఆపిలు తోటలలో పటములు తీయించుకొని, చీకటిపడకమునుపే మనాలికి సాగిపోవుదురు. మేమును అవి చూచితిమి. వానిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు గనుక ఇచ్చట వ్రాయబోము. పుష్యమాసపు చలిలో ఆ గ్రామమున నొక గృహస్థుని యింట తొమ్మిది దినములుండి, ఆ యింటి పొయ్యిని గూర్చి తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు చెప్పదలచితిమి.

ముందు ఆ యిండ్ల కట్టడము తెలియనిదే పొయ్యి సంగతి తెలియదు. అచ్చటి పాత యిండ్లకు గోడలు ఒక వరుస దేవదారు దూలములు, ఒక వరుస రాళ్లు చొప్పున పేర్చినవి. నడుమ సున్నము లేదు, అడుసు లేదు. పైకప్పు పలకరాయి. క్రింది అంతస్తున పశువులు, నడిమి అంతస్తున ధాన్యము, పై అంతస్తున మనుష్యులు. ఆ పై అంతస్తునకు చుట్టును కొయ్యవసారా. వంట పై అంతస్తుననే. పూర్వము గది నడుమ రాతిపొయ్యి వెలిగించి, పొగ పలకరాళ్ల సందులనుండి దానంతట నది పోవునట్లు విడిచిపెట్టెడివారట. మన పల్లెలలో వంటింటి దూలములు పొగచూరి నల్లగా నిగనిగలాడుట చూచినవారికి ఆ దృశ్యము క్రొత్తగాదు.

నేల కొయ్య, గోడ సగము కొయ్య, వసారా కొయ్య, ఆ వసారాలో పేర్చినది ఎండుగడ్డి. అట్టి యింటిలో రాత్రింబవళ్లు నిప్పు. నగ్గరు వెనుకనున్న చంద్రఖణి కనుమ దాటినచో మలాణా అను గ్రామము వచ్చును. అది 2008 జనవరిలో చాల భాగము తగులబడినది. మరల 2021 అక్టోబరులో అనేక గృహములు బూడిదయైనవి. అట్టి ప్రమాదము ఒక యింటితో ఆగదు. ఇల్లు ఇంటికి ఆనుకొనియుండును, నీరు చలికి గడ్డకట్టియుండును, రహదారి దూరము. కాబట్టి ఆ లోయలో పొయ్యిని బాగుగా చూచుకొనుట గృహిణి ముచ్చట మాత్రమే కాదు, ఊరికి ఆమె చెల్లింపవలసిన బాకీ.

ఆ పొయ్యికి వారు పెట్టిన పేరు తందూరు. భోజనశాలలలో రొట్టెలు కాల్చు మట్టి తందూరునకును దీనికిని పోలిక లేదు. ఇది ఇనుపరేకుతో చేసిన పెట్టె. నాలుగు కాళ్లపై మోకాలియెత్తున నిలుచును. ముందు కట్టెలు పెట్టు తలుపొకటి, దాని క్రింద గాలి పోవుటకును బూడిద తీయుటకును చిన్న తలుపు మరియొకటి. పైన గుండ్రని రంధ్రములు. వానికి ఒకదానిలో నొకటి యిమిడిన ఇనుపవలయములు. గిన్నె పెద్దదైనచో రెండు వలయములు తీయుదురు, చిన్నదైనచో ఒకటి. వెనుకభాగమున పొగగొట్టము లేచి, కప్పును చీల్చుకొని పైకి పోవును. గొట్టమునడుమ త్రిప్పుటకు వీలైన రేకుమూత యొకటి కలదు. పొగ పోకను తగ్గించుటకును హెచ్చించుటకును అది సాధనము. స్నానపు నీటికి వేరుగా హమాము అను పాత్ర కలదు. నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు. దానిని చూడగానే మా ఆడపడుచు, "ఇది మన రాగి బాయిలరే గదా!" అని చుట్టమును చూచినట్లు సంతోషించినది.

మన యిండ్లలో పొయ్యి ఆగ్నేయమూలను ఒదిగి యుండును. దానియొద్ద కూర్చుండునది ఒక్క వంటచేయునదియే. అచ్చట పొయ్యి గది నడుమ నుండును. అత్తగారు ఉన్ని వడుకుట, పిల్లలు పాఠములు చదువుట, మగవారు లెక్కలు చూచుట, అన్నియు దానిచుట్టే. పైన రాజ్మా గింజలు ఉడుకుచుండును. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోటు పప్పు ముద్ద పెట్టి, ఆవిరిమీద ఉడికించు సిడ్డు అను భక్ష్యమును నేతితో పెట్టిరి. మన ఆవిరికుడుమునకు దూరపు బంధువు, కాని కడుపులో బరువుగా కూర్చుండును. ఆ చలిలో ఆ బరువే కావలయును.

గ్యాసు లేదా అని మీరడుగవచ్చును. కలదు. 2018లో ఆ రాష్ట్రప్రభుత్వము గృహిణులకు గ్యాసు నిచ్చు పథకము నారంభించినది. మేమున్న యింటను ఆ పొయ్యి వసారాలో నున్నది, ఉదయపు టీ దానిమీదనే కాచుదురు. గ్యాసు వంట వండునే గాని గది వెచ్చపరుపదు. మంచు కురిసిన దినమున విద్యుత్తు పోయినచో విద్యుత్తుతో వెచ్చపరుచు యంత్రమును పనికిరాదు. కావున ఇనుపపొయ్యి పదవి పోలేదు.

ఆ యింటి కోడలికి ముప్పది యేండ్లుండవచ్చును. ఒంటిపై పట్టు అను ఉన్నివస్త్రము, తలకు చేతిగుడ్డ. మాకు వచ్చినంత హిందీలో మేమడుగుచుండగా, ఆమె మమ్ము "దీదీ" యని పిలుచుచు ప్రతిదానికిని జవాబిచ్చెడిది. అత్తగారిని మేము "మాతాజీ" యనుచుంటిమి. పొయ్యి విషయమున ఇద్దరికిని ఒకటే మాట: "కట్టె యెండనిచో పొయ్యి నేమియు చేయలేము."

క్రొత్తగా కొట్టిన చెట్టుకట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ కట్టెను పొయ్యిలో పెట్టినచో, దాని వేడిలో మొదటి భాగము ఆ నీటిని కాచి ఆవిరి చేయుటకే వ్యయమగును. మంట చల్లబడును. చల్లబడిన మంటలో కట్టెనుండి పుట్టిన వాయువులు పూర్తిగా కాలక, పొగయై గొట్టమునబడి, చల్లని రేకు తగులగానే తారువలె అంటుకొనును. దీనినుండియే తక్కిన కష్టములన్నియు పుట్టునవి. ఎండిన కట్టెలో నీరు అయిదవవంతుకంటె తక్కువగా నుండవలయును. మాతాజీకి ఈ లెక్క లక్కరలేదు. రెండు పేళ్లు తీసి ఒకదానితో నొకటి కొట్టి వినిపించినది. ఎండినవి కణేలుమని మ్రోగినవి, పచ్చివి బొద్దుమన్నవి. ఎండినదానికి కొసను నక్షత్రమువలె పగుళ్లుండును, బెరడు గోరితో గిల్లిన నూడివచ్చును, పరిమాణమునకు తగినంత బరువుండదు. పచ్చికట్టె పొయ్యిలో పడగానే చివరలనుండి నురుగు గ్రక్కుచు బుసకొట్టును.

కట్టెల జాతియు చూడవలయును. దేవదారు, కైలు మొదలగు సూదియాకు చెట్లలో బంక యెక్కువ. త్వరగా అంటుకొని త్వరగా కాలిపోవును. వాని సన్నని చీలికలు రాజబెట్టుటకు శ్రేష్ఠము. బాను అను చెట్టుకట్టె గట్టిది, నిదానముగా కాలి యెర్రని నిప్పుకలుగా చాలసేపు నిలుచును. ఆపిలు కొమ్మలు ఈ రెంటికి నడుమ. చెట్లు నిద్రించు శీతకాలమున తోటలలో కొమ్మలు కత్తిరింతురు. ఆ కొమ్మలు ఆ యేడు పొయ్యిలోనికి రావు. వసారా క్రింద పేర్చబడి మరుసటి శీతకాలము వరకు నెండును. అడవినుండి కట్టె తెచ్చుకొను హక్కులు ఆ గ్రామములకు తరతరములనుండి కలవు. 1886 నాటి అటవీ బందోబస్తులో వానిని వ్రాతపూర్వకముగా లెక్కించిరి. అయినను హక్కు కాగితముమీద నుండుట వేరు, కట్టె యింటికి వచ్చుట వేరు. రాలిన కొమ్మలనేరి, కిల్టా అను కోపుబుట్టలో వీపున మోసికొని, ఆ నిట్రపు దారిని దిగివచ్చునది ఆడుదియే. మేము చూచినంతవరకు ఆ దారిలో బుట్ట మోయుచు వచ్చిన మగవాడు ఒక్కడు, వానికిని పండ్రెండేండ్లు.

ఇక పొయ్యి రాజబెట్టుట. మన పొయ్యికి ఊదుగొట్టముతో ఊదుదుము. తందూరునకు ఊదుట లేదు. గొట్టమే గాలి నీడ్చుకొనవలయును. రాత్రియంతయు చల్లబడిన గొట్టము గాలి నీడ్వదు, పొగ గదిలోనికే తిరిగివచ్చును. అందుచేత ఆమె ముందుగా గొట్టపు మూతను, క్రింది తలుపును పూర్తిగా తెరచి, గుప్పెడు ఎండుగడ్డి వెలిగించి గొట్టపు మొదటిచోట పట్టుకొనును. గడ్డి మంటకు గొట్టములోని గాలి వేడెక్కి పైకి లేచుటతోడనే గాలి కదలుచున్న సన్నని ధ్వని వినబడును. అప్పుడు బంకగల చీలికలు, వానిపై సన్నపేళ్లు, అవి బాగుగా నంటుకొనిన పిదప గట్టికట్టె. ఒకేసారి పెద్ద మొద్దు పెట్టదు. మూడు పేళ్లు వేసి వాని నడుమ గాలికి సందు విడుచును. ఒంటికట్టె తనంత తాను కాలదనియు, పేళ్లు ఒకదాని కొకటి వేడి నిచ్చుకొనవలయుననియు ఆమె చెప్పినది. మంట పట్టిన పావుగంటకు కొడుకును ముంగిటికి పంపి, గొట్టమునుండి పొగ యెట్లున్నదో చూచి రమ్మనును. కంటికి ఆననంత పలుచగా నున్నచో సరి. దట్టముగా వచ్చుచున్నదని వాడు కేకవేసినచో తలుపు మరికొంత తెరచును.

మొదటి రాత్రి యొక చిన్న తగవు జరిగినది. మేము తొమ్మిదిగంటలకు పడుకొనబోవుచుండగా ఆ యిల్లాలు పొయ్యిలో క్రొత్తకట్టె వేయుట మానివేసి, ఉన్న నిప్పుకలను కాలిపోనిచ్చి, తలుపునకు పైనున్న చిన్న కిటికీని నాలుగంగుళములు తెరచి దానిలో కొయ్యముక్క అడ్డుపెట్టినది. బయట మంచు. మా ఆడపడుచు దక్షిణదేశమునుండి తెచ్చిన శాలువలన్నియు కప్పుకొని, "ఒక మొద్దు వేసి, గొట్టము మూసి, కిటికీ బిగించినచో తెల్లవారువరకు వెచ్చగా నుండును గదా, కట్టె కిరాయి కావలసిన నిచ్చెదము" అని నాచేత అడిగించినది. కోడలు నవ్వలేదు. అత్తగారిని పిలిచినది. మాతాజీ వచ్చి మా మంచముకడ కూర్చుండి చెప్పిన మాట యిది: "అమ్మా, కిరాయి సంగతి కాదు. మూసిన గదిలో నివురుగప్పిన నిప్పు నిద్రలోనే మనిషిని తీసికొనిపోవును. చలికి దగ్గు వచ్చును, జలుబు చేయును, ఉదయము లేచెదవు. దానికి లేవవు."

ఆమె చెప్పినది అక్షరాల నిజము. గాలి చాలక నిప్పు మందముగా కాలునప్పుడు కార్బను మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగవలె కండ్లు మండించి హెచ్చరింపదు. అది రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును ఆక్రమించును. తలనొప్పి, వికారము, మగత, పిదప స్పృహ తప్పుట. నిద్రించువారికి ఈ గురుతులును తెలియవు. తందూరునకు గొట్టమైన నున్నది. ఏ గొట్టమును లేని బొగ్గుల కుంపటి అంతకంటె ప్రమాదకరము. ఉత్తరదేశమున చలికాలము వచ్చినదన్నచో మూసిన గదిలో కుంపటి పెట్టుకొని కుటుంబములు మరణించిన వార్త పత్రికలలో పడక మానదు. మన ప్రాంతములలోను బాలింతరాలి గదిలో కుంపటి పెట్టి, గాలి తగులరాదని తలుపులు కిటికీలు బిగించు నలవాటు పూర్తిగా పోలేదు. సోదరీమణులారా, కుంపటి పెట్టినచో కిటికీ తెరువుడు. కిటికీ తెరువ వీలులేనిచో కుంపటి పెట్టకుడు. పసిబిడ్డకు కంబళి చాలును. ఆ రాత్రి మేము వణకితిమి, నిజమే. తెల్లవారి లేచితిమి గూడ.

రాత్రి మొద్దు వేసి గొట్టము మూసి కుముల్చుటలో మరియొక చెరుపు కలదు. అట్లు కుమిలిన పొగ యంతయు గొట్టములో తారుగా పేరును. మేము వెళ్లిన అయిదవనాడు గొట్టము విప్పి శుభ్రపరచిరి. అది చూచుట మాకు గొప్ప పాఠము. మంట పూర్తిగా చల్లారిన పిదప, గొట్టమును ముక్కముక్కగా విప్పి ముంగిటికి తెచ్చి, గోనెపట్టాపై నిలిపి, వెదురుకర్రకు కట్టిన ఇనుపతీగల కుచ్చుతో లోపల త్రోసిరి. మసి రాలినది. మాతాజీ ఆ మసిని వ్రేళ్లమధ్య నలిపి చూచినది. పొడిపొడిగా, గోధుమవన్నెతో, మెత్తని బూడిదవలె నున్నచో మంట చక్కగా కాలుచున్నదని యర్థము. నల్లగా నిగనిగలాడుచు, పెంకువలె అంటుకొని, గీకినను రానిచో కట్టె పచ్చిదనియో గాలి చాలలేదనియో తెలిసికొనవలయును. ఆ నల్లని పెంకు ఇంధనమే. ఒకనాడు మంట హెచ్చుగా లేచి గొట్టములోనికి ప్రాకినచో అది భగ్గున అంటుకొనును. ఆ వేడిమి వేయి డిగ్రీల సెంటిగ్రేడుకు చేరగలదు. రేకు ఎర్రబారి, కప్పులోని దూలము నంటించును. గొట్టమునుండి రైలుబండి పోవుచున్నట్లు గర్జన వినబడినచో అదియే గురుతు. అప్పుడు తలుపులన్నియు బిగించి గాలి నాపి, అందరును వెలుపలికి పోవలయును. కాలుచున్న పొయ్యిపై నీరు పోయరాదు. రేకు పగిలి మరుగునీటి ఆవిరి మొగమునకు కొట్టును. మసి నువ్వుగింజ పొడవంత మందము పేరకముందే గొట్టము తుడువవలయునని వారి నియమము, చలికాలమున నెలకొకసారి.

గొట్టమును మరల తగిలించుటలోను మెలకువ కలదు. పైముక్క కొసను క్రిందిముక్క లోపలికి దించవలయును. క్రిందిముక్కను పైదానిలోనికి ఎక్కించరాదు. లోపల కారిన తారు అట్లయిన గొట్టములోపలనే దిగి పొయ్యిలోబడి కాలిపోవును. లేనిచో ప్రతి అతుకునుండి బయటికి కారి గోడ పాడుచేయును. అతుకులకు మట్టియు బూడిదయు కలిపిన ముద్ద మెత్తుదురు. గొట్టము కొయ్యకప్పును దాటుచోట కొయ్యను వెడల్పుగా కోసి, నడుమ రేకుపలక బిగించి, రేకునకును కొయ్యకును మధ్య ఖాళీ విడిచిరి. పొయ్యి ప్రక్కలకు మూడడుగుల వరకు కొయ్య గాని గడ్డి గాని బట్ట గాని ఉండనీయరు. పొయ్యి క్రింద నేలపై రాతిపలకలు పరచిరి. ఇట్టివి కట్టినపుడు ఒకసారి చేయుపనులు, శ్రద్ధగల వడ్రంగి యున్నచాలును. కాని గొట్టము తుడుచుట నెలనెలా వచ్చు పని.

ఆ పని యెవరిది? కట్టె తెచ్చుట, పొయ్యి వెలిగించుట, బూడిద తీయుట ఆడువారి పనులు. కప్పునెక్కి గొట్టము విప్పుట మగవారి పని యని పేరు. ఆ యింటి యజమాని వాహనము నడుపుచు వారములకొలది ఊళ్ల తిరుగును. ఆయన వచ్చినప్పుడు మంచు, మంచు లేనప్పుడు ఆయన లేడు. రెండేండ్ల క్రిందట గొట్టము నిండి గదిలోనికి పొగ తన్నుచుండగా, ఎదురుచూచి విసిగిన కోడలు కొంగు బిగించి తానే నిచ్చెన వేసినదట. ఊరివారు కొందరు నవ్విరట. నాటినుండి ఆ పని ఆమెదే; భర్త ఊరనున్నచో నిచ్చెన పట్టుకొనును. మేము చూచిన దినమునను ఆయన నిచ్చెన పట్టుకొనెను, చక్కగానే పట్టుకొనెను.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. పొగలేని పొయ్యిల చరిత్ర తెలిసినవారికి అట్లు తోచదు. మన హైదరాబాదున ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజుగారు గొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఆంగ్లమున పుస్తకము వెలువరించిరి. కోట్లమంది యిండ్లలో పొగ లేకుండుటయే ఆయన కోరిక. అంతకుముందే వార్ధాలో మగన్ చూల్హా పేరుతో ఇట్టిదే యొకటి తయారైనది. 1980లలో కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించి, 2002లో ముగించులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేయించెను. వానిలో ఎన్ని నిలిచినవో పల్లెలకు పోయి చూచినవారికి తెలియును: గొట్టము పగిలినదొకటి, గొట్టము పూడినదొకటి, కోళ్లు గ్రుడ్లు పెట్టునదొకటి. ఒడిశాలో వేలకొలది యిండ్లను కొన్నేండ్లపాటు పరిశీలించి 2012లో వెలువరించిన యొక పరిశోధనలో తేలినదియు నిదే. మొదటి యేడు స్త్రీలు పీల్చు పొగ కొంత తగ్గినది. పిదప ఆ లాభము మాసిపోయినది, ఏలయనగా పొయ్యిని బాగుచేసికొనుట, గొట్టము తుడుచుట సరిగా జరుగలేదు. గొట్టమును కనిపెట్టినవారికి బుద్ధి తక్కువగాదు. దానిని తుడుచు పని యెవరి దినచర్యలో చేరునో, అందుకు తీరిక యెక్కడనుండి వచ్చునో ముందుగా అడిగినవారు తక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2020లో ఇంటిపొగవలన మరణించినవారు సుమారు 32 లక్షలు. పొయ్యికడ గడుపు కాలమంతయు మనదే గనుక ఆ పొగలో మనకును మన ఒడిలోని బిడ్డలకును వచ్చు వంతు తెలియనిది గాదు.

బూడిద సంగతి మిగిలినది. తందూరులోని బూడిదనంతయు ఊడ్చివేయరు. రెండువ్రేళ్ల మందము అడుగున నుంచుదురు. అది రేకునకు కవచము, నిప్పుకలకు పరుపు. తీసిన బూడిదను మూతగల ఇనుపబాల్చీలోనికెత్తి, వసారాలోగాక ముంగిటి రాతిపై నుంచి, నాలుగుదినములవరకు ముట్టరు. పైకి చల్లగా కనబడిన బూడిదలో నిప్పుకణము అన్నిదినములు బ్రతికియుండగలదు. మనలో కొందరు వేడిబూడిదను తట్టలోనికెత్తి పెంటకుప్పపై పోయుదురు. ప్రక్కనే గడ్డివామి యుండును. చల్లారిన బూడిదకు అచ్చట వృథా లేదు. పాత్రలు తోముదురు, జారుడుమంచుపై నడవలో చల్లుదురు, ఆపిలుచెట్ల మొదట కొద్దికొద్దిగా వేయుదురు. కొద్దిగానే, బూడిదలో సున్నపుగుణ మధికము గనుక ఎక్కువైనచో నేల చెడును. రంగువేసిన కొయ్య, ప్లాస్టికు సంచులు ఆ పొయ్యిలో పడనీయరు. మేము తెచ్చిన బిస్కట్ల పొట్లము రేకును మా ఆడపడుచు అందులో వేయబోగా, చేతిలోనుండి తీసికొన్నది ఏడేండ్ల పిల్ల.

ఇనుపరేకు పొయ్యికి ఆయువు తక్కువ. నిత్యము మంట తగులు అడుగున, ప్రక్కలను, రేకు పలుచబడి చివరకు రంధ్రము పడును. అందుచేత ప్రతియేడు ఆశ్వయుజమున, మంట పెట్టకమునుపు, లోపల అడుగునను సగము ప్రక్కలవరకును జిగటమన్ను ఇసుక కలిపి వ్రేలిమందమున మెత్తి, నీడను ఆరనిత్తురు. మనము పొయ్యి అలుకు పద్ధతియే. అలికిన పిదప ముగ్గు మాత్రము లేదు. మరియొక శత్రువు వర్షకాలపు తేమ. మంట లేని నెలలలో మసియు తేమయు కలిసి రేకును తినివేయును. కాలిచెడిన పొయ్యిలకంటె త్రుప్పుపట్టి చెడినవి యెక్కువయని కులూ అంగడిలోని రేకుపనివాడును మాతో చెప్పెను. కావున వైశాఖమున చివరిమంట ఆర్పిన మరునాడే మసి, బూడిద పూర్తిగా తీసి, గొట్టము తుడిచి, రేకునంతటికిని ఆవనూనె పలుచగా రాచి, గొట్టపు పైకొసకు డబ్బా బోర్లించి, తలుపులు కొంచెము తెరచియుంచుదురు.

మేము బయలుదేరు నాటికి తోటలో కొమ్మలు కత్తిరించుట మొదలైనది. కోడలు వచ్చిన కొమ్మలను మూరెడు ముక్కలుగా కొట్టి, వసారా క్రింద నేలకు తగులకుండ రెండు దుంగలపై పేర్చుచు, నిరుటివాటికిని ఈయేటివాటికిని నడుమ పలకరాయి నొకటి నిలువుగా నిలుపుచుండెను.